ఎస్తోనియా ఈ-ఓటింగ్ సేవ: ఓటుకు అయిదు నిమిషాలు, తనిఖీకి అరగంట గడువు

రేటింగ్: 5కి 4. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో చివరికంటా చదివితే తెలుస్తుంది.

యూరోపియన్ పార్లమెంటులో 720 స్థానాలుంటే ఎస్తోనియా వాటా ఏడు. దేశ జనాభా 14 లక్షల లోపు. మన మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలో ఓటర్ల సంఖ్యే దీనికి రెట్టింపు దాటుతుంది. ఇంత చిన్న దేశం ఆ ఏడుగురిని ఎన్నుకోవడానికి ఇంటర్నెట్‌ను 2009 నుంచీ వాడుతోంది. స్థానిక ఎన్నికల్లో అయితే 2005లోనే మొదలుపెట్టింది. 2009 యూరోపియన్ ఎన్నికల్లో పోలైన ఓట్లలో ఆన్‌లైన్‌లో పడినవి 15 శాతం దగ్గర, 2019లో 47 శాతం దగ్గర. ఇక్కడ చూస్తున్నది 2024 జూన్ ఎన్నికలకు నడిచిన సేవను. జూన్ 3 సోమవారం ఉదయం 9కి తెరిచి, 8వ తేదీ శనివారం రాత్రి 8కి మూశారు. మధ్యలో రాత్రనకా పగలనకా తెరిచే ఉంది. ఆదివారం 9న కాగితపు ఓటు మాత్రమే.

ముందు తెలియాల్సింది ఒకటి. ఇది వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బటన్ నొక్కే వ్యవహారం కాదు. ఎన్నికల కార్యాలయం సైటు నుంచి ఓటరు యాప్‌ను కంప్యూటర్లోకి దించుకోవాలి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ విడివిడి ఫైళ్లుంటాయి. బ్రౌజర్‌లోనే ఓటు వేయమని ఏదైనా పేజీ అడిగితే అది దొంగ పేజీ అనుకోవాలి. సైటు చిరునామాను చేత్తో టైపు చేసుకోండి. ఈ-మెయిల్లోనో మెసేజ్‌లోనో వచ్చిన లింకు నొక్కి వెళ్లొద్దు.

ఈ సేవలో ఎక్కువమంది చిక్కుకునేది ఓటు వేసేటప్పుడు కాదు, దానికి ముందే. కావలసినవి: చెల్లుబాటులో ఉన్న ఐడీ కార్డు, దాన్ని పెట్టడానికి యూఎస్‌బీ కార్డు రీడరు, ఐడీ సాఫ్ట్‌వేరు, రెండు పిన్‌లు. పిన్1 కనీసం నాలుగంకెలు, మీరు ఫలానా అని చెప్పుకోవడానికి. పిన్2 కనీసం అయిదంకెలు, సంతకానికి. పిన్1 ఏదో ఒక బ్యాంకు పనికో ప్రభుత్వ పనికో వాడుతూనే ఉంటారు కనుక గుర్తుంటుంది. పిన్2తో పని పడేది తక్కువ కాబట్టి మరచిపోయేది అదే. మూడుసార్లు తప్పు కొడితే లాక్ అవుతుంది. విప్పడానికి పీయూకే అంకె కావాలి. అదేమో కార్డుతోపాటు ఇచ్చిన కవరులో ఉంటుంది, ఆ కవరు ఏ అల్మారాలో ఉందో దేవుడికే తెలియాలి. పీయూకే కూడా మూడుసార్లు తప్పితే కొత్త పిన్ కవరు కోసం పోలీస్, సరిహద్దు గస్తీ శాఖ కౌంటరుకు వెళ్లక తప్పదు. శనివారం సాయంత్రం ఏడింటికి ఇది బయటపడితే ఆన్‌లైన్ ఓటు ఆశ వదులుకోవాల్సిందే. ఆదివారం ఏదో ఒక పోలింగ్ కేంద్రానికి నడవాలి.

అందుకే ఓటింగ్ మొదలయ్యే ముందు వారమే ఐడీ సాఫ్ట్‌వేరును అప్‌డేట్ చేసి, రీడరులో కార్డు పెట్టి, సర్టిఫికెట్ల గడువు చూసుకోవాలి. పిన్2 గుర్తుందో లేదో తెలియాలంటే ఏదైనా ఉత్తుత్తి ఫైలు మీద సంతకం చేసి చూస్తే సరి. రీడరులో కార్డు కనపడకపోతే సాధారణంగా కారణాలు మూడే: కార్డు తిరగేసి పెట్టడం, చిప్ మీద మురికి, పాత డ్రైవరు. ఆపరేటింగ్ సిస్టం మరీ పాతదైతే యాప్ అసలు తెరుచుకోదు. దానికి వేరే మందు లేదు, వేరే కంప్యూటర్ చూసుకోవాలి.

రీడరు గొడవే వద్దనుకునేవాళ్లకు మొబైల్-ఐడీ ఉంది. ఫోన్ కంపెనీ ఇచ్చే ప్రత్యేక సిమ్ అది. దాని పిన్1, పిన్2 వేరు, కార్డు పిన్‌లు ఇక్కడ పనికిరావు. యాప్‌లో ఫోన్ నంబరు, వ్యక్తిగత గుర్తింపు సంఖ్య ఇస్తే తెర మీద నాలుగంకెల కోడ్ వస్తుంది. అదే కోడ్ ఫోన్లోనూ కనిపించాలి. రెండూ కలిస్తేనే పిన్ కొట్టండి. కలవకపోతే మీ నంబరుతో ఇంకెవరో ప్రయత్నిస్తున్నారని అర్థం. బ్యాంకు పనులకు జనం విరివిగా వాడే స్మార్ట్-ఐడీ మాత్రం 2024 ఎన్నికల్లో చెల్లలేదు. చివరి రోజున ఈ సంగతి తెలిసి నాలుక్కరుచుకోవాల్సి వచ్చేది ఎక్కువగా కుర్రకారే, ఎందుకంటే వాళ్లలో చాలామందికి కార్డు రీడరు ఉండదు.

అక్కడి నుంచి పని సాఫీ. పిన్1 కొడితే ఓటరు జాబితాలో మీ పేరు చూసుకుని అభ్యర్థుల జాబితా తెస్తుంది. యూరోపియన్ ఎన్నికలకు దేశమంతా ఒకే నియోజకవర్గం. అందుకని ఎక్కడ ఉన్నా అదే జాబితా, డెబ్బైకి పైగా పేర్లు, పార్టీల వారీగా. పార్టీ మీద కాదు, మనిషి మీద నొక్కాలి. ఎంచుకున్న పేరు, నంబరు మరోసారి చూపిస్తుంది. పిన్2 కొడితే సంతకమై వెళ్లిపోతుంది. అంతా సిద్ధంగా ఉంటే అయిదు నిమిషాలు చాలు.

అయిదో నిమిషంలో తెర మీద ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. ఈ సేవ మొత్తంలో మెచ్చుకోవలసినది అది. జనం నిర్లక్ష్యం చేసేదీ అదే. తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అన్నట్టుగా, ఓటు వేసిన నూరుమందిలో ఆ కోడ్‌ను స్కాన్ చేసేవాళ్లు అయిదుగురి దరిదాపుల్లోనే ఉంటారు.

ఆ కోడ్ ఎందుకంటే, మీ కంప్యూటర్ని మీరు నమ్మనక్కర లేకుండా ఉండటానికి. మీరు 'క' పేరు మీద నొక్కారు, తెర కూడా 'క' అనే చూపించింది. కానీ కంప్యూటర్లో దూరిన ఏ వైరస్సో లోపల 'గ' పేరుకు తాళం వేసి, అంటే చదవరాని సంకేతాలుగా మార్చి పంపితే? తెర మీద మీకేమీ తేడా కనపడదు. అందుకని తనిఖీ వేరే పరికరంలో చేయాలి. ఫోన్లో తనిఖీ యాప్ వేసుకుని క్యూఆర్‌ను స్కాన్ చేస్తే, ఆ యాప్ ఎన్నికల సర్వర్ నుంచి మీ తాళం వేసిన ఓటును తెచ్చుకుంటుంది. ఓటుకు తాళం వేసేటప్పుడు కంప్యూటర్ వాడిన యాదృచ్ఛిక సంఖ్య క్యూఆర్‌లో దాగి ఉంటుంది. ఆ రెంటినీ కలిపి లోపలున్న పేరేమిటో ఫోనే లెక్కకట్టి చూపిస్తుంది. సర్వర్ పేరు చెప్పదు, దానికి తెలియదు కూడా. మన వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనపడి పడిపోతుంది, ఇక్కడ అరగంట గడువు. ఆ అరగంటలో మూడుసార్ల వరకు చూసుకోవచ్చు.

గడువు ఎందుకు పెట్టారని అడగొచ్చు. ఆ కోడ్ ఎన్నాళ్లయినా పనిచేస్తే అది రశీదు అయిపోతుంది. 'నాకే వేశావా, చూపించు' అని అడిగేవాడు పుట్టుకొస్తాడు. అరగంట తర్వాత అది ఉత్త బొమ్మ. ఆ అరగంటలోనే చూపించినా, ఆ తర్వాత మీరు ఓటు మార్చలేదని అది రుజువు చేయదు.

తనిఖీలో జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. కోడ్ వచ్చాక ఓటరు యాప్‌ను మూసేయడం మొదటిది. మూస్తే కోడ్ మళ్లీ రాదు. అప్పుడు చేయగలిగింది మళ్లీ ఓటు వేయడమే, అందుకు అడ్డేమీ లేదు. రెండోది, తనిఖీ యాప్ కోసం అప్పుడు వెతకడం. స్టోరులో వెతికి, దించి, అనుమతులిచ్చేసరికి పది నిమిషాలు పోతాయి, కనుక ముందే వేసి ఉంచుకోండి. మూడోది, కోడ్ ఫొటో తీసి ఇంకొకరికి పంపడం. అది మీ ఓటును వాళ్ల ముందు పరవడమే. ఇక ఫోన్లో వేరే పేరు కనపడితే కంగారుపడి కంప్యూటర్‌ను ఆపేయకండి. ఎన్నికల సహాయ నంబరుకు వెంటనే చెప్పి, ఇంకో కంప్యూటర్ నుంచి మళ్లీ ఓటు వేయండి, లేదా కేంద్రానికి వెళ్లండి. ఒక్కరి ఫిర్యాదు కూడా విలువైనదే. ఎందుకంటే నూటికి అయిదుగురే చూసినా, దొంగ సాఫ్ట్‌వేరు వేల ఓట్లు మారిస్తే వాళ్లలో కొందరికి తగలక మానదు. పదిమంది ఓట్లు మాత్రమే మారిస్తే దొరకకపోవచ్చు. తనిఖీ చేసేవాళ్లు పెరిగితే ఆ సందు కూడా మూసుకుపోతుంది.

మళ్లీ ఓటు వేసే వెసులుబాటు దీనికి జోడు. ఆరు రోజుల్లో ఎన్నిసార్లయినా వేయొచ్చు, చివరిదే లెక్కలోకి వస్తుంది. పక్కన ఎవరో నిలబడి బలవంతాన వేయిస్తే, వాళ్లు వెళ్లాక మళ్లీ వేసుకోవచ్చు. కాగితపు ఓటు వేస్తే ఆన్‌లైన్ ఓటు మొత్తంగా రద్దు. 2021కి ముందు ఇలా రద్దు చేయడం ముందస్తు ఓటింగ్ రోజుల్లోనే కుదిరేది. ఓటరు జాబితా కేంద్రాలన్నిటిలో ఎలక్ట్రానిక్ అయ్యాక ఎన్నికల ఆదివారం నాడు కూడా కుదురుతోంది. ఇంట్లో అత్తమామల ఎదుట ఓటు వేసే కొత్త కోడలికి ఈ సౌకర్యం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఓటు గోప్యంగా ఎలా ఉంటుందో తెలియాలంటే మన పోస్టల్ బ్యాలెట్‌ను తలచుకోండి. లోపలి కవరులో ఓటు, పైన పెద్ద కవరు, దానిలో ఫారం 13ఏ మీద సంతకం. ఇక్కడా రెండు కవర్లే, కాకపోతే గణితంతో చేసినవి. లోపలిది ఎన్నికల తాళంతో మూసిన ఓటు, పైది మీ డిజిటల్ సంతకం. మన దగ్గర 13ఏ మీద అధికారి సంతకం ఉంటే చాలా, సీలు కూడా కావాలా అని 2024లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. ఇక్కడ సంతకం సరిపడిందో లేదో యంత్రం అక్కడికక్కడే తేల్చేస్తుంది. ఆ తర్వాత పై కవర్లను తీసేసి, లోపలి ఓట్లను పేకముక్కల్లా కలిపి, కలిపినట్టు గణిత రుజువు కూడా తయారుచేస్తారు. విప్పే తాళంచెవి ఏ ఒక్కరి దగ్గరా ఉండదు. తొమ్మిది ముక్కలు చేసి పంచుతారు, కనీసం అయిదుగురు ముక్కలు తెస్తేనే పెట్టె తెరుచుకుంటుంది.

ఇక లోపాలు. సర్వర్ ప్రోగ్రాం ఎవరైనా చదువుకునేలా బయట పెట్టారు, తనిఖీ యాప్‌దీ అంతే. ఓటరు కంప్యూటర్లో నడిచే యాప్ మూలం (సోర్స్ కోడ్) మాత్రం బయట పెట్టలేదు. బయట పెడితే నకిలీలు తయారవుతాయన్నది అధికారుల వాదన. బలహీనమైన వాదన. నకిలీ చేయదలచినవాడికి మూలం అక్కర్లేదు, తెర ఎలా ఉంటుందో తెలిస్తే చాలు. మనం తగ్గించిన ఒక్క మార్కులో సగం దీనికే.

భద్రత మీద పెద్ద విమర్శ 2014లో వచ్చింది. మిచిగన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్ బృందం అంతకుముందు ఏడాది స్థానిక ఎన్నికలను గమనించి, సర్వర్ దగ్గరి పనితీరులో అజాగ్రత్తలు ఎత్తిచూపింది. సరిగ్గా యూరోపియన్ ఎన్నికల ముంగిట, ఈ-ఓటింగ్ ఆపేయమంది. ప్రభుత్వం ఆపలేదు. 2017లో ఇంకో దెబ్బ తగిలింది, ఈసారి కార్డులకే: దాదాపు ఏడున్నర లక్షల ఐడీ కార్డుల చిప్‌లో తాళంచెవులు తయారుచేసే పద్ధతి లోపభూయిష్ఠమని తేలింది. ఆ అక్టోబరు స్థానిక ఎన్నికలు అవే కార్డులతో జరిగిపోయాయి, నవంబరు మొదట్లో సర్టిఫికెట్లు నిలిపేశారు. 2017 నుంచి ఇప్పటి కొత్త వ్యవస్థ వాడుకలో ఉంది. పైన చెప్పిన కలిపే ఏర్పాటు, గణిత రుజువులు దీనితో వచ్చినవే. ఫోన్లో చూసుకునే తనిఖీ మాత్రం 2013 నాటిది.

మిగతా సగం మార్కు చిన్న చిన్న వాటికి. ఫోన్ నుంచి ఓటు లేదు, కంప్యూటరే కావాలి. ఎవరికీ వేయను, ఖాళీగా వదిలేస్తాను అంటే కుదరదు, ఎవరో ఒకరిని ఎంచుకోవాల్సిందే. మన నోటా బటన్‌కు అలవాటుపడినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. కాగితం మీద ఓటు పాడుచేసే స్వేచ్ఛ ఆన్‌లైన్‌లో లేకపోవడం సాంకేతిక సమస్య కాదు, విధాన నిర్ణయం.

ఇంతా చేసి ఓటుకు విలువెంత? ఏడు స్థానాలను డోంట్ పద్ధతిలో పంచుతారు. పార్టీకి వచ్చిన మొత్తాన్ని 1, 2, 3తో భాగించి, వచ్చిన వాటిలో పెద్దవి ఏడు తీసుకోవడం. 2024లో ఇసామా పార్టీకి 21.5 శాతం, సోషల్ డెమోక్రాట్లకు 19.3, రిఫార్మ్ పార్టీకి 17.9, ఎక్రేకు 14.9, సెంటర్ పార్టీకి 12.4. ఈ అయిదూ అయిదు స్థానాలు. తర్వాత ఇసామా సగం 10.75, అది ఆరోది. సోషల్ డెమోక్రాట్ల సగం 9.65, అది ఏడోది. రిఫార్మ్ సగం 8.95, గడప దగ్గరే ఆగిపోయింది. అప్పటి ప్రధానమంత్రి పార్టీ అయిన రిఫార్మ్‌కు రెండో స్థానం పోయింది, ఈ సగాల మధ్య ముప్పావు శాతం కంటే తక్కువ తేడాతో. 6.8 శాతం తెచ్చుకున్న పరెంపూల్‌సెద్ పార్టీకి ఏమీ రాలేదు. నియమంగా రాసిన కనీస శాతమేమీ లేకపోయినా, ఏడు స్థానాలే కావడంతో ఆచరణలో పదికి అటూ ఇటూగా గీత పడింది.

పార్టీలో ఎవరు వెళ్తారనేది వ్యక్తిగత ఓట్లను బట్టి. ఇసామా నుంచి రీహో తెరాస్, యూరి రతాస్, సోషల్ డెమోక్రాట్ల నుంచి మరీనా కల్యురాండ్, స్వెన్ మిక్సెర్ వెళ్లారు. మనిషిని ఎంచుకునే ఈ హక్కు 2009లో పోయింది. ఆ ఏడాది జాబితా క్రమం పార్టీలే ఖాయం చేశాయి, ఓటరు మార్చలేడు. ఒళ్లు మండిన జనం స్వతంత్రంగా నిలబడ్డ ఇంద్రెక్ తరాంద్‌కు నాలుగో వంతు పైగా ఓట్లు కుమ్మరించారు. లక్షకు పైగా వచ్చినా ఒంటరివాడు కనుక ఒక్క స్థానమే దక్కింది, మిగిలిన ఓట్లన్నీ వృథా. అయితే 2014 ఎన్నికల నాటికి మనిషిని ఎంచుకునే పద్ధతి తిరిగొచ్చింది. యాప్ తెర మీద పార్టీ కాక పేరు నొక్కమనడం వెనక ఇంత కథ ఉంది.

ఈ సేవ వల్ల పోలింగ్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2009లో దాదాపు 44 శాతం ఓటు వేస్తే, ఆన్‌లైన్ ఓట్ల వాటా మూడింతలైన 2019లో 37 శాతం చిల్లరే, 2024లోనూ అంతే. వేసేవాళ్లకు సులువైంది, వేయనివాళ్లు కదల్లేదు.

ఎవరికి పనికొస్తుందో కూడా చెప్పాలి. 18 ఏళ్లు నిండిన ఎస్తోనియా పౌరులు ప్రపంచంలో ఎక్కడున్నా దీన్ని వాడొచ్చు. ఇక్కడ మన ప్రవాసులకు కడుపు మండితే తప్పు లేదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రవాస భారతీయుడు 2024 మే 13న ఓటు వేయాలంటే విమానమెక్కి సొంతూరి పోలింగ్ కేంద్రానికి రావాల్సిందే. టార్టూలోనో తాలిన్‌లోనో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకు భారత పాస్‌పోర్టు ఉన్నంతవరకు ఈ యూరోపియన్ ఓటు లేదు. కంపెనీ పెట్టుకోవడానికి మన ఐటీవాళ్లు కొందరు తీసుకున్న ఈ-రెసిడెన్సీ కార్డుతోనూ (విదేశీయులకు ఎస్తోనియా ఇచ్చే డిజిటల్ గుర్తింపు) రాదు. ఆ కార్డుకూ చిప్ ఉంది, పిన్1, పిన్2 ఉన్నాయి, సంతకాలకు చక్కగా పనిచేస్తుంది. కానీ దానివల్ల పౌరసత్వం గానీ నివాస హక్కు గానీ రావు, ఓటరు జాబితాలో పేరూ ఉండదు.

ఇంత వేగంగా ఓటు వేయించే దేశం కూడా యూరోపియన్ ఎన్నికల్లో ఫలితానికి కాచుకుని కూర్చోవాలి. ఏ దేశంలోనైనా ఓటింగ్ సాగుతుండగా ఇంకెక్కడా ఫలితాలు చెప్పకూడదన్నది యూరోపియన్ యూనియన్ నియమం. తాలిన్‌లో కేంద్రాలు ఆదివారం రాత్రి 8కి మూసేసినా, ఇటలీలో రాత్రి 11 దాకా ఓటు వేస్తారు. ఎస్తోనియా గడియారంలో అది అర్ధరాత్రి 12. ఆ రాత్రి మెలకువగా ఉండదలిస్తే హైదరాబాద్‌లో రెండున్నరకు అలారం పెట్టుకోవాలి.